ఊచకోత వేరు, జాతి నిర్మూలన వేరు

ఏ దేశంలో నెత్తురు చిందినా మన పత్రికల్లో నాలుగు మాటలు ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. ఊచకోత, నరమేధం, మారణహోమం, జాతి నిర్మూలన. జుమా నమాజు ముగిశాక మసీదు బయట నిలబడి మాట్లాడుకునే మనమూ అంతే. బోస్నియా గురించైనా, రోహింగ్యాల గురించైనా, గాజా గురించైనా నోటికి వచ్చిన మాట అనేస్తాం. ఆవేదనలో మాటలు తూచి వాడటం కష్టమే. కానీ ఈ నాలుగు మాటలూ ఒకటి కావు. చివరి మాటకు ఒక చట్టం ఉంది, దాన్ని పుట్టించిన మనిషి ఉన్నాడు, అది పుట్టిన సంవత్సరం ఉంది. అదేమిటో తెలుసుకుంటే మరో సంగతి కూడా మన ముందుకు వస్తుంది. దూర దేశాల బాధితుల కోసం ఈ మాట వాడే మనం, సికింద్రాబాద్‌లో రైలెక్కితే కొన్ని గంటల్లో చేరుకోగల అడవుల్లో ఒక జనానికి ఏం జరిగిందో, దాన్ని ఏ పేరుతో పిలవాలో ఎంతవరకు ఆలోచించాం?

మాట ఎలా పుట్టింది?

రఫాయెల్ లెమ్కిన్ పోలండుకు చెందిన యూదు న్యాయవాది. చదువుకునే రోజుల్లోనే ఆయన్ని ఒక ప్రశ్న వేధించింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఒట్టోమన్ రాజ్యంలో ఆర్మేనియన్లను లక్షల సంఖ్యలో చంపారు. ఒక మనిషిని చంపితే హంతకుడికి శిక్ష ఉంది. ఒక జనాన్నే చంపితే ఏ చట్టం ప్రకారం అడగాలి? తర్వాత హిట్లర్ సైన్యాలు ఆయన సొంత కుటుంబాన్నే తుడిచిపెట్టాయి. అమెరికా చేరిన లెమ్కిన్ 1944లో అచ్చయిన తన గ్రంథంలో, జాతి అనే అర్థమిచ్చే గ్రీకు మాటకు చంపడం అనే అర్థమిచ్చే లాటిన్ మాటను కలిపి ‘జెనోసైడ్’ అన్నాడు. దాన్నే మనం జాతి నిర్మూలన అంటున్నాం.

లెమ్కిన్ దృష్టిలో అది కేవలం శవాల లెక్క కాదు. ఒక జనాన్ని జనంగా నిలబెట్టే ఆధారాలన్నిటినీ కూల్చడం. వారి భాష, వారి విశ్వాసం, వారి బతుకుదెరువు, వారి పెద్దల మాటకున్న విలువ, ఇవన్నీ ఆ ఆధారాలే. అందుకే ఆయన యూరప్‌తో ఆగక అమెరికా ఖండాల ఆదివాసుల చరిత్రనూ, టాస్మానియా దీవి మూలవాసుల చరిత్రనూ ఇదే కోణంలో రాయడం మొదలుపెట్టాడు. ఆ రచన ముగియకుండానే 1959లో కన్నుమూశాడు.

అయిదు పనులు, ఒక ఉద్దేశం

1948 డిసెంబరు 9న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి జాతి నిర్మూలన నేరంపై ఒడంబడికను ఆమోదించింది. 1951 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. భారతదేశం 1949లో సంతకం చేసి, 1959లో దానిని ధ్రువీకరించింది. ఒడంబడిక ప్రకారం జాతి, తెగ, వర్ణం లేదా మతం ఆధారంగా ఏర్పడిన ఒక సమూహాన్ని పూర్తిగా గానీ కొంత మేరకు గానీ నాశనం చేయాలన్న ఉద్దేశంతో చేసే పనులు అయిదు. ఆ సమూహానికి చెందినవారిని చంపడం మొదటిది. వారి శరీరాలకు, మనసులకు తీవ్రమైన హాని కలిగించడం రెండోది. వారు బతకలేని పరిస్థితులను కావాలని కల్పించడం మూడోది. వారికి పిల్లలు పుట్టకుండా చేయడం నాలుగోది. వారి పిల్లలను బలవంతంగా తీసుకుపోయి వేరే వారికి అప్పగించడం అయిదోది.

పాఠకులు ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఈ అయిదింటిలో చంపడం ఒకటి మాత్రమే. కత్తి పట్టకుండానే మిగిలిన పనులతో ఒక జనాన్ని అంతం చేయవచ్చునని చట్టమే ఒప్పుకుంది. రెండో విషయం ఉద్దేశం. ఎంతమంది చనిపోయారన్నదాని కంటే, వారు ఆ సమూహానికి చెందినవారు కాబట్టే, ఆ సమూహం ఉండకూడదనే చంపారా అన్నది న్యాయస్థానం అడుగుతుంది. 1995 జూలైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో దాదాపు ఎనిమిది వేలమంది ముస్లిం పురుషులను, అబ్బాయిలను చంపారు. అది జాతి నిర్మూలనేనని అంతర్జాతీయ న్యాయస్థానం 2007లో తేల్చింది. అదే తీర్పులో బోస్నియాలోని ఇతర ఊచకోతల విషయంలో ఆ ఉద్దేశం రుజువు కాలేదని చెప్పింది. అవి ఘోరాలు కావని కాదు. ఆ మాటకు కావలసిన రుజువు అంత కఠినమైనదని.

ఒడంబడిక ముసాయిదాలో మరొక అంశం కూడా ఉండేది. ఒక జనం భాషను, సంస్కృతిని, విశ్వాసాన్ని నాశనం చేయడాన్ని కూడా నేరంగా చేర్చాలన్నారు. 1948 అక్టోబరులో ఓటింగు పెట్టి దాన్ని తీసివేశారు. వద్దన్నవాటిలో అమెరికా, కెనడా ఉన్నాయి. తమ ఆదివాసుల పట్ల తమ సొంత చరిత్ర ఏమిటో ఆ దేశాలకు తెలియనిది కాదు. కెనడాలో లక్షన్నర మంది ఆదివాసీ పిల్లలను కన్నవారి నుంచి వేరుచేసి, మాతృభాష మాట్లాడితే శిక్షించే వసతి బడుల్లో పెట్టారు. అది సాంస్కృతిక నిర్మూలన అని ఆ దేశం నియమించిన కమిషనే 2015లో తేల్చింది. ఆస్ట్రేలియాలో పిల్లలను ఎత్తుకుపోయిన విధానాన్ని అక్కడి జాతీయ విచారణ 1997లో జాతి నిర్మూలన అనే పేర్కొంది. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

ఇది ఎక్కడో జరిగిన కథ అనుకోనవసరం లేదు. ఆంగ్లేయులు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే కొన్ని తెగలను దొంగలుగా ముద్ర వేశారు. 1897 నాటి సవరణ నాలుగేళ్లు నిండిన పిల్లలను కూడా తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఉంచే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. 1911 చట్టంతో ఇది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను తెచ్చి కాపలాలో స్థిరపరచింది ఈ చట్టం కిందనే. 1952లో చట్టం పోయింది. ముద్ర మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

ఎవరూ ఆజ్ఞాపించని అంతం

ఆదివాసుల విషయంలో ‘ఉద్దేశం’ అన్న మాట దగ్గరే చట్టం చేతులెత్తేస్తుంది. దీనికి ఒక ఉదాహరణ మన హైదరాబాద్ చరిత్రతోనే ముడిపడి ఉంది.

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో జనం కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడి చేశారు. మౌల్వీ సాహెబ్‌కు ద్వీపాంతరవాస శిక్ష వేసి అండమాన్ పంపారు. ఆయన అక్కడే కన్నుమూశారు. ఈ కథ మన పిల్లలకు చెబుతాం, చెప్పాలి కూడా. కానీ ఆ శిక్షా స్థావరం ఎవరి నేల మీద లేచిందో చెప్పం. 1858లో ఖైదీల చేత అడవి కొట్టించి పోర్ట్ బ్లెయిర్ కట్టడం మొదలుపెట్టినప్పుడు గ్రేట్ అండమానీస్ తెగలవారు వేలల్లో ఉండేవారు. తమ అడవి కోసం 1859లో బాణాలతో పోరాడి తుపాకుల ముందు ఓడిపోయారు. ఆ తర్వాత తెల్లవారు వారిని చేరదీసి ‘ఆశ్రమాలు’ నడిపారు. సుఖవ్యాధులు, పొగాకు, 1877లో తట్టువ్యాధి వారిని ఊడ్చేశాయి. 1901 జనాభా లెక్కల్లో మిగిలినవారు 625 మంది. 1961లో 19 మంది. వారి భాషల్లో ఒకటైన ‘బో’ మాట్లాడే చివరి వృద్ధురాలు 2010 జనవరిలో చనిపోయింది.

ఈ తెగలను చంపేయండని ఎవరూ ఉత్తర్వు రాయలేదు. కొందరు అధికారులు వారి మీద జాలి కూడా పడ్డారు. మన మౌల్వీ సాహెబ్ వంటి ఖైదీలు తామే సంకెళ్లలో ఉన్నారు. అయినా ఒక జనం పోయింది. న్యాయస్థానంలో నిలబెట్టడానికి దోషి దొరకని చోట కూడా జాతులు అంతరించగలవు.

ఆదిలాబాద్ అడవుల్లో

ఇప్పుడు మన గడప దగ్గరికి వద్దాం. ఆదిలాబాద్ ప్రాంతపు రాజ్‌గోండులు ఒకప్పుడు కోటలు కట్టి పాలించిన జనం. వారితోపాటు కొలాములు, నాయకపోడులు, గోండుల వంశచరిత్రను పాటగా చెప్పే తోటీలు ఆ అడవుల్లో ఉన్నారు. ఒక చోట కొన్నేళ్లు సేద్యం చేసి, నేల అలసిపోతే వదిలి మరో చోటికి పోవడం వారి పద్ధతి. వదిలిన నేల మళ్లీ చిగురిస్తుంది, మళ్లీ వారిదే అవుతుంది. వారి చేతిలో కాగితం లేదు, అవసరమూ పడలేదు.

నిజాం ప్రభుత్వానికి కాగితం కావాలి. కాగితం లేని నేల సర్కారుకు ఖాళీ నేలగా కనబడింది. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో అడవులకు హద్దులు వేసి రిజర్వు చేశారు. హద్దు లోపల పడిన గూడేలను ఖాళీ చేయించారు. బీడుగా కనబడిన నేలకు బయటివారు పట్టాలు చేయించుకున్నారు. 1920ల చివరికి కాజీపేట నుంచి బలార్ష దాకా రైలు పడింది. కలప బయటికి, వ్యాపారులు, కొత్త సేద్యగాళ్లు లోపలికి రావడం సులువైంది. ఆ రైలు మార్గాలను నడిపిన సంస్థ కార్యాలయం మన సికింద్రాబాద్‌లోనే ఉండేది.

కొమరం భీం బతుకు ఈ కథే. అటవీ సిబ్బంది వేధింపులతో చెదిరిన కుటుంబం ఆయనది. దున్నుకుంటున్న నేల తనదేనంటూ వచ్చిన పట్టాదారుతో జరిగిన గొడవలో ఆ పట్టాదారు చనిపోయాడు. భీం అస్సాం తేయాకు తోటల దాకా పారిపోయి తిరిగి వచ్చాడు. పన్నెండు గూడేలకు నేల మీద, అడవి మీద హక్కు కావాలన్నాడు. నిజాంకు తన గోడు చెప్పుకోవాలని హైదరాబాద్ దాకా వచ్చి, దర్శనం దొరక్క వెనుదిరిగాడని చెబుతారు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో పోలీసు తుపాకులకు ఆయన, ఆయన సహచరులు బలయ్యారు.

ఇక్కడ మనం తడబడకుండా ఒప్పుకోవలసినది ఒకటుంది. ఆ పట్టాదారు పేరు ముస్లిం పేరు. ఆ అటవీ, రెవెన్యూ, పోలీసు ఉద్యోగుల్లోనూ మనవారు చాలామంది. మన పెద్దలు తీపి జ్ఞాపకంగా చెప్పే ఆసఫ్‌జాహీ పాలన గోండు గూడెం నుంచి చూస్తే వేరేగా కనబడింది. అయితే భూమి లాక్కున్నవారిలో ముస్లింలు మాత్రమే లేరు. వడ్డీ వ్యాపారులు, దేశ్‌ముఖ్‌లు, మైదానాల రైతులు అన్ని కులమతాలవారూ ఉన్నారు. అలాగే ఆ ప్రభుత్వమే జోడేఘాట్ తర్వాత హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్తను గూడేలకు పంపి, తప్పెక్కడ జరిగిందో రాయించుకుంది. ఆయన అధికారుల అక్రమాలను దాచకుండా రాశాడు. 1943లో మార్లవాయిలో గోండీ భాషలో చదువు చెప్పే ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. లావుణి పట్టాల ద్వారా లక్ష ఎకరాలకు పైగా నేల గిరిజనుల పేర రాశారు. చేసిన అన్యాయమూ నిజమే, దిద్దుకోజూసిన ప్రయత్నమూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచడం న్యాయం కాదు.

1948 తర్వాత జెండా మారింది. గోండు నేల జారిపోవడం మాత్రం ఆగలేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు వర్తించింది. 1970లో దానిని సవరించారు. జనం నోట అదే ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అయింది. దాని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనడం చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది కూడా. కాగితం మీద గట్టి చట్టం. కానీ బినామీ పేర్లు, పాత తేదీల కాగితాలు, తీరని అప్పులు దాన్ని దాటుకుంటూ పోయాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. చనిపోయినవారు అంతకు ఎన్నో రెట్లని హక్కుల సంఘాలు అన్నాయి. ఈసారి తుపాకులు పేల్చింది నిజాం పోలీసులు కాదు, ఎన్నికైన ప్రభుత్వపు పోలీసులు.

ఇది జాతి నిర్మూలనా? చట్టం అడిగే ఉద్దేశం ఇక్కడ చూపలేమన్నది మా అభిప్రాయం. గోండులు ఉండకూడదని ఏ నిజామూ, ఏ ముఖ్యమంత్రీ శాసించలేదు. కానీ పేరు కుదరనంత మాత్రాన నష్టం తగ్గిపోదు. గోండుకు నేల అంటే పంట ఒక్కటే కాదు. ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క దేవుడి స్థానం ఉంటుంది. మెస్రం వంశీకులకు కేస్లాపూర్ నాగోబా ఉన్నట్టు. నేల పోయి కుటుంబాలు చెదిరితే వంశం కూడే చోటు పోతుంది. కూడే చోటు పోతే తోటీ పాటకు వినేవారుండరు. బడిలో భాష వేరు, బజారులో భాష వేరు అయితే గోండీ ఇంట్లోనే మిగులుతుంది, ఆ తర్వాత ముసలివారి నోటిలో మిగులుతుంది. 2011 లెక్కల్లో దేశం మొత్తం మీద గోండీ మాతృభాష అన్నవారు దాదాపు 30 లక్షలు. అంతమంది మాట్లాడే భాషకు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండీ సొంత లిపిలో రాసిన ప్రతులు ఉన్నాయని బయటి లోకానికి తెలిసింది ఈ శతాబ్దంలోనే.

ఉర్దూ బడులు ఒక్కొక్కటే మూతపడుతుంటే గుండె బరువెక్కే కుటుంబాలకు ఈ బాధ వేరే వివరించాలా?

మన సాక్ష్యం

పారిస్‌లో ఒడంబడిక ఆమోదం పొందిన ఆ డిసెంబరు నెలలోనే పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ బృందం హైదరాబాద్ సంస్థానంలో తిరుగుతూ ఉంది. సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా ముస్లింలపై జరిగిన హత్యాకాండను విచారించడం వారి పని. చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో నష్టం ఎక్కువన్నారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనానికి అందలేదు. 2013లో గానీ ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చూడటానికి వీలు కలగలేదు. అంతకు ముందు రజాకార్లు హిందూ గ్రామాల మీద చేసిన దౌర్జన్యాలూ అంతే నిజం. వాటిని దాచి మన శోకం చెప్పుకుంటే ఆ శోకానికి విలువ ఉండదు.

మనవారి మరణాల గురించి ఇన్నేళ్లు ఎవరూ మాట్లాడలేదన్న నొప్పి మనకు తెలుసు. అదే నొప్పి జోడేఘాట్‌లోనూ, ఇంద్రవెల్లిలోనూ ఉంది. సాక్ష్యం తమకూ తమవారికీ ఎదురు వెళ్లినా న్యాయం తప్పవద్దని విశ్వాసులకు ఖురాన్ ఆదేశం. ఆ ఆదేశం పరీక్షకు వచ్చేది ఇలాంటి చోటే.

అది నిన్నటి పరీక్ష మాత్రమే కాదు. 2024 ఆగస్టు చివర్లో కొమరం భీం జిల్లా జైనూరు మండలంలో ఒక ఆదివాసీ మహిళపై దారుణమైన దాడి జరిగింది. నిందితుడు ఒక ముస్లిం. సెప్టెంబరు 4న నిరసన అదుపు తప్పి, ఆ నేరంతో ఏ సంబంధమూ లేని ముస్లింల దుకాణాలు, ఇళ్లు తగలబడ్డాయి, ప్రార్థనాస్థలం మీద దాడి జరిగింది. ఒడంబడికలోని ఆ కీలకమైన మాటను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మనిషి చేసిన పనికి కాక, పుట్టిన సమూహానికి శిక్ష వేయడం. జైనూరులో జరిగినది జాతి నిర్మూలన కాదు. కానీ ఎక్కడైనా జాతి నిర్మూలన మొదలయ్యేది ఈ విత్తనం నుంచే. ఆ మహిళకు న్యాయం కావాలని మనం ముందుగా, గట్టిగా అడిగినప్పుడే కాలిన దుకాణాల గురించి అడిగే నోరు మనకు ఉంటుంది.

దేశ చట్టాల్లో ఈ నేరానికి ఇప్పటికీ చోటు లేదు. 1984 సిక్కుల ఊచకోత కేసులో తీర్పు ఇస్తూ 2018 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఈ లోటును ఎత్తిచూపింది. 2024 జూలై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలోనూ అది చేరలేదు. చట్టం కావాలని అడగడం అన్ని సమూహాలూ కలిసి చేయవలసిన పని.

అంతవరకు మన చేతుల్లో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఉట్నూరు, ఆసిఫాబాద్, జైనూరు ప్రాంతాల్లో మన బంధువులు ఎందరో వ్యాపారాల్లో ఉన్నారు. గిరిజనుడి నేల బినామీ పేరుతో కొనడం చట్టం ముందే కాదు, దైవం ముందు కూడా పరుల సొత్తు తినడమేనని వారికి చెప్పాలి. పత్తికి, ఇప్పపువ్వుకు తూకం సరిగా ఉండాలని చెప్పాలి. అప్పు పత్రం మీద వేలిముద్ర తీసుకునేటప్పుడు అందులో ఏముందో అవతలి మనిషికి తెలిసే భాషలో చదివి వినిపించాలని చెప్పాలి. మన పిల్లలకు స్రెబ్రెనిత్సా గురించి చెప్పిన రోజే ఇంద్రవెల్లి గురించి కూడా చెప్పాలి. మౌల్వీ అలావుద్దీన్ కథ చెప్పినప్పుడు, ఆయన ఖైదీగా అడుగుపెట్టిన ఆ దీవిలో అంతకు ముందే ఒక జనం ఉండేదని, ఇప్పుడు దాదాపు లేదని కూడా చెప్పాలి.